ట్రైటన్: ఒకరి ఫ్రేమ్, మరొకరి ఇంజిన్

ట్రైటన్ అనే మోటార్‌సైకిల్‌ను ఏ కంపెనీ ఫ్యాక్టరీ లైను మీదా తయారు చేయలేదు. ట్రయంఫ్ ఇంజిన్‌ను తెచ్చి నార్టన్ ఫ్రేమ్‌లో బిగించి, ఆ రెండు పేర్లనూ కలిపి పెట్టుకున్న పేరది. 1950లలో ఇంగ్లండ్‌లో ఇళ్ల వెనక షెడ్లలో, సందుల్లోని చిన్న గ్యారేజీల్లో ఈ బండ్లు పుట్టాయి. పాత బండిని పూర్తిగా విప్పి, రేసుల్లో వాడే భాగాలు తొడిగి మళ్లీ నిలబెట్టడం అంతకుముందూ ఉన్నదే. అయితే ఆ పనికి ఒక రూపు, ఒక పద్ధతి, అందరూ గుర్తుపట్టే ఒక పేరు వచ్చింది మాత్రం ట్రైటన్‌తోనే. నేడు కార్బన్ చక్రాలు, రేసు బ్రేకులు తొడుక్కున్న పాత బండి ఏ దేశంలో కనిపించినా దాని పుట్టుపూర్వోత్తరాలు వెతికితే ఆ షెడ్ల దగ్గరే తేలతాయి.

ఈ కలయిక అవసరం ఎందుకు పడిందో తెలియాలంటే రెండు కంపెనీల బలాబలాలు తెలియాలి. ట్రయంఫ్‌కు మంచి ఇంజిన్ ఉంది. ఎడ్వర్డ్ టర్నర్ రూపొందించిన స్పీడ్ ట్విన్ 1937లో వచ్చింది. పక్కపక్కనే నిలబడిన రెండు సిలిండర్లు, 500 సీసీ. తేలికైనది, చౌకైనది, ఎంత పిండితే అంత బలం ఇచ్చేది. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక అదే ఇంజిన్ 650 సీసీకి పెరిగి టైగర్ 110గా, 1959 నాటికి బోనవిల్‌గా మారింది. బోనవిల్ బలం 46 హార్స్‌పవర్. అప్పటికి అది రోడ్డు బండికి చాలా ఎక్కువ. ఇంజిన్ ఇలా ఏటేటా ముందుకు పోతుంటే ఫ్రేమ్ మాత్రం వెనకబడిపోయింది. 1950ల తొలి సంవత్సరాల దాకా ట్రయంఫ్ వెనక చక్రానికి సరైన సస్పెన్షనే లేదు. వెనక చక్రాన్ని పట్టి ఉంచే స్వింగ్ ఆర్మ్ వచ్చాక కూడా అది ఊగే ఇరుసుకు ఫ్రేమ్ నుంచి తగిన ఆసరా దొరకలేదు. వేగంగా మలుపు తిరిగేటప్పుడు బండి ముందు భాగం ఒక దారి, వెనక భాగం మరో దారి పట్టినట్టు అనిపించేది.

నార్టన్ పరిస్థితి ఇందుకు సరిగ్గా తలకిందులు. దాని ఫ్రేమ్ ప్రపంచంలోకెల్లా మేలైనది. బెల్‌ఫాస్ట్‌కు చెందిన రెక్స్ మెక్‌కాండ్లెస్, సోదరుడు క్రోమీ తోడ్పాటుతో దాన్ని రూపొందించాడు. రెండు ఉక్కు గొట్టాలు హ్యాండిల్ కింది నుంచి బయలుదేరి, ఇంజిన్ కిందుగా వెళ్లి, వెనక పైకి లేచి, సీటు కిందుగా మళ్లీ ముందుకే వస్తాయి. హ్యాండిల్ మెడ దగ్గర పై గొట్టాలూ కింది గొట్టాలూ ఒకదాన్నొకటి దాటి అతుక్కుంటాయి. మెడ మెలితిరగకుండా కాపాడేది ఆ దాటుడే. అంతకుముందు నార్టన్ రేసు బండ్లకు వాడిన ఫ్రేమ్‌ను తోట గేటు అని పిలిచేవారు. గతుకుల దారిలో అది విరిగిన సందర్భాలూ ఉన్నాయి. కొత్త ఫ్రేమ్‌ను నడిపి చూసిన రేసర్ హెరాల్డ్ డానియెల్ అది ఈకల పరుపు మీద కూర్చున్నట్టుందన్నాడు. ఫెదర్‌బెడ్ అన్న పేరు అలా స్థిరపడింది. 1950 జూన్‌లో ఐల్ ఆఫ్ మాన్ టీటీ రేసుల్లో సీనియర్, జూనియర్ రెండు విభాగాల్లోనూ మొదటి మూడు స్థానాలు నార్టన్‌వే. సీనియర్ గెలిచినవాడు జెఫ్ డ్యూక్, జూనియర్ గెలిచినవాడు ఆర్టీ బెల్. రేసు ఫ్రేములకు కంచుతో అతుకు వేసే పని నార్టన్ ఫ్యాక్టరీకి అలవాటు లేనిది. రెనాల్డ్స్ ట్యూబ్ కంపెనీలో కెన్ స్ప్రేసన్ ఆధ్వర్యంలో ఆ పని జరిగేది.

అంత మంచి రేసు ఫ్రేములు మామూలు కుర్రాళ్ల చేతికి ఎలా వచ్చాయన్నది ఈ చరిత్రలో తప్పక చెప్పుకోవలసిన సంగతి. దానికి కారణం కార్ల రేసులు. ఆ రోజుల్లో ఫార్ములా 3 కార్లకు ఇంజిన్ పరిమితి 500 సీసీ. కూపర్ లాంటి చిన్న రేసు కార్ల వెనక భాగంలో మోటార్‌సైకిల్ ఇంజిన్లే ఉండేవి. వాటిలో మేటి, ఫెదర్‌బెడ్ ఫ్రేమ్‌తో వచ్చే నార్టన్ రేసు బండి మాంక్స్ ఇంజిన్. స్టిర్లింగ్ మాస్ నడిపిన కూపర్‌లోనూ అదే ఉండేది. నార్టన్ మాత్రం ఇంజిన్‌ను విడిగా అమ్మేది కాదు. కావలసినవారు బండి మొత్తం కొని, ఇంజిన్ ఊడదీసి కారుకు బిగించుకునేవారు. ఫ్రేమ్, చక్రాలు, ఫోర్కులు, బ్రేకులు గ్యారేజీ మూలన పడి ఉండేవి. రేసు గెలిచే ఫ్రేమ్, అదీ ఖాళీగా, తక్కువ ధరకు దొరుకుతోంది. వేగంగా పోయే ట్రయంఫ్ ఇంజిన్ మరో బండిలో ఉంది. వీటిని కలపాలన్న ఆలోచన ఒక్కరిది అనడానికి లేదు. చాలామందికి ఒకే కాలంలో తట్టి ఉంటుంది. ఆ తర్వాత రోడ్డు నార్టన్ డామినేటర్ కూడా ఫెదర్‌బెడ్ ఫ్రేమ్‌తోనే రావడంతో పాడైన డామినేటర్లూ ఈ పనికి పనికొచ్చాయి.

కలపడం చెప్పినంత తేలిక కాదు. ట్రయంఫ్ ఇంజిన్‌ను నార్టన్ ఫ్రేమ్ గొట్టాలకు పట్టి ఉంచేవి ఇంజిన్ ప్లేట్లు. ముందుగా ఇంజిన్‌ను చెక్క దిమ్మల మీద ఫ్రేమ్‌లో నిలబెట్టి, అట్ట ముక్క మీద రంధ్రాల గుర్తులు తీసుకునేవారు. ఆ అట్టను మందపాటి అల్యూమినియం రేకు మీద పరిచి, గీత గీసి, హాక్సా బ్లేడుతో కోసి, ఆకురాయితో అంచులు నున్నగా చేసి రంధ్రాలు తొలిచేవారు. ఇంజిన్‌ను వీలైనంత ముందుకూ కిందికీ జరపాలి. అప్పుడే ముందు చక్రం మీద తగినంత బరువు పడి బండి మలుపులో స్థిరంగా ఉంటుంది. అలాగని ముందుకు మరీ జరిపితే వేరుగా ఉండే గేర్‌బాక్సుకూ ఇంజిన్‌కూ నడుమ ప్రైమరీ చైను పొడవు కుదరదు. ఇంజిన్ స్ప్రాకెట్, క్లచ్ స్ప్రాకెట్ ఒకే గీతలో లేకపోతే చైను కొద్ది రోజుల్లోనే అరిగిపోతుంది. చివరగా వెనక చైను, వెనక చక్రం వరస చూసుకోవాలి. ప్లేటులో రంధ్రం ఒక్క మిల్లీమీటరు అటూ ఇటూ అయిందా, ఆ తప్పు చివరి స్ప్రాకెట్ దాకా వెంటాడుతుంది.

కనిపించని చిక్కు మరొకటి ఉంది. ట్రయంఫ్ ఇంజిన్‌లో రెండు పిస్టన్లూ కలిసే పైకి వెళ్తాయి, కలిసే కిందికి దిగుతాయి. అందువల్ల అదురు సహజం. క్రాంక్‌షాఫ్ట్‌కు ఎంత ఎదురు బరువు పెట్టాలో ట్రయంఫ్ తన ఫ్రేమ్‌ను బట్టి నిర్ణయించుకుంది. అదే ఇంజిన్ వేరే ఫ్రేమ్‌లో పడేసరికి అదురు వేరే వేగం దగ్గర తలెత్తి, ట్యాంకు అతుకులు చిట్లడం, బల్బులు కాలిపోవడం మొదలయ్యేది. తెలిసిన మెకానిక్ క్రాంక్‌ను బయటికి తీసి, ఎదురు బరువును ఫెదర్‌బెడ్‌కు తగినట్టు మార్చి, మళ్లీ బిగించేవాడు. మంచి ట్రైటన్‌కూ పైపై మెరుగుల ట్రైటన్‌కూ తేడా ఈ చోటే తెలిసిపోయేది.

ఈ బండ్లకు రూపాన్నిచ్చినవి రేసు ట్రాకులు, వాటిని జనంలోకి తెచ్చినవి టీ దుకాణాలు. లండన్ నార్త్ సర్క్యులర్ రోడ్డు మీద 1938లో తెరుచుకున్న ఏస్ కెఫే లారీ డ్రైవర్ల మజిలీ. యుద్ధంలో బాంబు దాడికి దెబ్బతిని 1949లో మళ్లీ లేచింది. రాత్రిళ్లు కుర్రాళ్లు అక్కడ గుమిగూడేవారు. గంటకు వంద మైళ్లు, అంటే 160 కిలోమీటర్లు దాటడమే వారి గురి. జ్యూక్‌బాక్సులో నాణెం వేసి పాట మొదలవగానే బండెక్కి, ఫలానా మలుపు దాకా వెళ్లి, పాట ముగిసేలోగా తిరిగి రావాలన్న పందెం గురించి నేటికీ చెప్పుకుంటారు. కెఫే రేసర్ అన్న మాట అలా వచ్చింది. ఆ పందేల్లో ప్రాణాలు పోయిన కుర్రాళ్లున్నారు. ఆ సంగతి వదిలేసి ఆ కాలాన్ని పొగడడం న్యాయం కాదు.

రేసు బండి నుంచి రోడ్డు బండికి వచ్చిన భాగాలు ఒక్కొక్కటీ ఒక్కో అవసరం తీర్చాయి. ఫోర్కు గొట్టాలకే నేరుగా పట్టే పొట్టి క్లిప్-ఆన్ హ్యాండిళ్లు నడిపేవాడిని గాలికి వంగేలా చేశాయి. ఒళ్లు ముందుకు వంగితే కాళ్లు వెనక్కు పోవాలి కాబట్టి ఫుట్‌రెస్టులు, గేరు లీవరు వెనక్కు జరిగాయి. వేగం అందుకున్నప్పుడు మనిషి జారకుండా సీటు వెనక మూపురం వచ్చింది. వంగిన ఛాతీకి ఆసరాగా పొడవాటి అల్యూమినియం ట్యాంకు వచ్చింది. పెట్రోలు ఎక్కువ అందించే అమాల్ రేసు కార్బురేటర్లు వచ్చాయి. నేడు ఇవన్నీ అలంకారంగా కనిపించవచ్చు. అప్పట్లో వీటిలో ఏదీ అందం కోసం పుట్టలేదు.

ట్రైటన్ సత్తా పందెపు దారుల మీదే కాక అసలైన రేసులోనూ రుజువైంది. లండన్‌లో డ్రెస్డా అనే దుకాణం నడిపిన డేవ్ డీగెన్స్ స్వయంగా రేసరు, స్వయంగా బండ్లు కట్టేవాడు. బార్సిలోనాలోని మోంట్జుయిక్ కొండ పార్కు రోడ్ల మీద ఏటా 24 గంటల రేసు జరిగేది. పగలంతా, రాత్రంతా ఆగకుండా పరుగెత్తే ఆ రేసులో వేగం కంటే ఓర్పు ముఖ్యం. 1965లో డీగెన్స్, రెక్స్ బుచర్ జంట 650 సీసీ ట్రైటన్ మీద దాన్ని గెలిచింది. 1970లో ఇయాన్ గాడర్డ్‌తో కలిసి డీగెన్స్ మళ్లీ గెలిచాడు. పెద్ద కంపెనీల జట్లు కూడా పాల్గొనే రేసులో ఒక చిన్న దుకాణంలో కట్టిన బండి ఐదేళ్ల ఎడంతో రెండుసార్లు మొదటి స్థానంలో నిలిచింది. షెడ్డు పని ఫ్యాక్టరీ పనికి తీసిపోదని చెప్పడానికి ఇంతకంటే గట్టి సాక్ష్యం అక్కర్లేదు.

ఇంజిన్, ఫ్రేమ్ ఒకదానికొకటి సరిపోయాక బలహీనత మరోచోట బయటపడింది. ఈ పని చరిత్ర పొడుగునా కనిపించే సూత్రం ఇదే: ఒక భాగాన్ని బాగుచేస్తే దాని పక్కనున్న భాగం లోపం బయటికొస్తుంది. ఈసారి వంతు బ్రేకులది. డ్రమ్ము బ్రేకు వేడెక్కితే డ్రమ్ము వ్యాకోచించి లోపలి షూలకు దూరమవుతుంది. లీవరు ఎంత నొక్కినా పట్టు తగ్గిపోతుంది. హాంప్‌షైర్‌లోని న్యూ మిల్టన్‌కు చెందిన డాన్, డెరెక్ రిక్‌మన్ సోదరులు 1960ల రెండో సగంలో లాక్‌హీడ్ కంపెనీ డిస్క్ బ్రేకులను తమ రేసు బండ్లకు బిగించారు. వారి బండి పేరు మెటిస్, ఫ్రెంచిలో సంకరజాతి అని అర్థం. నికెల్ పూత పూసిన ఆ ఫ్రేములు ఇప్పటికీ చూపు తిప్పుకోనివ్వవు. ఫ్రేమ్ గొట్టాల్లోనే ఇంజిన్ ఆయిల్ తిరిగేలా చేసి విడి ట్యాంకు అవసరం లేకుండా చేశారు. 1970 ప్రాంతంలో బ్రిటన్‌లో రాయల్ ఎన్‌ఫీల్డ్ మూతపడినప్పుడు మిగిలిపోయిన ఇంటర్‌సెప్టర్ ఇంజిన్లు కొన్ని రిక్‌మన్ ఫ్రేముల్లోకే చేరాయి.

ఇంకో దారి స్విట్జర్లాండ్ నుంచి వచ్చింది. విన్సెంట్ కంపెనీ 1955 చివర మోటార్‌సైకిళ్ల తయారీ ఆపేసింది. దాని 998 సీసీ వీ-ట్విన్ ఇంజిన్ ఆ కాలపు అద్భుతం. బండి మిగతా భాగాలకు మాత్రం వయసు మీదపడింది. ఫ్రిట్జ్ ఎగ్లి 1967లో ఆ ఇంజిన్‌కు కొత్త ఫ్రేమ్ కట్టాడు. సన్న గొట్టాల అల్లికకు బదులు పైన వెన్నెముకలా ఒకే ఒక లావాటి గొట్టం. దాని లోపలే ఆయిల్. ఇంజిన్ దాని కింద వేలాడుతూ తానే ఫ్రేమ్‌లో ఒక భాగమవుతుంది. మరుసటి ఏడాదే ఎగ్లి ఆ బండితో స్విస్ కొండ రేసుల ఛాంపియన్ అయ్యాడు. పన్నెండేళ్ల కింద చచ్చిపోయిందనుకున్న ఇంజిన్ కొత్త ఎముకలతో మళ్లీ గెలవడం చూశాక పాత ఇంజిన్లను పాతసామానుకు వేయడానికి చాలామందికి చేయి రాలేదు.

1969లో హోండా సీబీ750 వచ్చి లెక్కలన్నీ మార్చేసింది. నాలుగు సిలిండర్లు, 67 హార్స్‌పవర్, ఫ్యాక్టరీ నుంచే ముందు డిస్క్ బ్రేకు. 1972లో కవాసాకి జెడ్1 82 హార్స్‌పవర్‌తో వచ్చింది. ట్రయంఫ్ ఇచ్చిన చిక్కే ఇవీ ఇచ్చాయి: ఇంజిన్ బంగారం, ఫ్రేమ్ అంతంతమాత్రం. ఇటలీలో రిమినీకి చెందిన మాసిమో తంబురీని గదులకు వేడిగాలి గొట్టాలు బిగించే వ్యాపారంలో ఉండేవాడు. 1972లో మిసానో ట్రాకు మీద సీబీ750 నుంచి పడి గాయపడి, కోలుకుంటూ ఆ ఇంజిన్‌కు తన సొంత ఫ్రేమ్ గీశాడు. అందులోంచి బిమోటా కంపెనీ పుట్టింది. తర్వాత 1994లో డుకాటీ 916కు రూపమిచ్చినవాడూ అతడే. అదే 1972లో ఇంగ్లండ్‌లోని హర్ట్‌ఫర్డ్‌లో హారిస్ సోదరులు మొదలుపెట్టిన హారిస్ పెర్ఫార్మెన్స్ జపాన్ ఇంజిన్లకు మాగ్నమ్ ఫ్రేములు కట్టింది. రిక్‌మన్‌లు, ఎగ్లి, డీగెన్స్ కూడా జపాన్ ఇంజిన్ల వైపు మళ్లారు. 1980లలో జపాన్ కంపెనీలు అల్యూమినియం ఫ్రేములతో తామే రేసు బండ్లలాంటివి అమ్మడం మొదలుపెట్టాక విడి ఫ్రేముల అవసరం తగ్గి ఈ వ్యాపారం సన్నగిల్లింది. ఏస్ కెఫే అప్పటికే, 1969లోనే, మూతపడింది.

మళ్లీ ఊపు 1990లలో వచ్చింది, ఈసారి పాత బండ్ల మీద మమకారంతో. 2001లో ఏస్ కెఫే పాత చోటే తిరిగి తెరుచుకుంది. పాత ట్రయంఫ్‌లు, నార్టన్లు, కవాసాకి జెడ్‌లు షెడ్లలోంచి బయటికొచ్చాయి. వాటికి తొడగడానికి ఈసారి దొరికిన భాగాలు వేరు: స్వీడన్ ఓలిన్స్ షాకబ్సార్బర్లు, ఇటలీ బ్రెంబో కాలిపర్లు, 17 అంగుళాల తేలికైన చక్రాలు, రేడియల్ టైర్లు, పాయింట్లకు బదులు ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్, ప్రైమరీ చైనుకు బదులు పళ్ల బెల్టు.

ఈ భాగాలు ఎంత గొప్పవో పాత ఫ్రేమ్‌కు అంత పరీక్ష. ఒక చిన్న లెక్క చూస్తే ఇది స్పష్టమవుతుంది. ముందు ఫోర్కు తిరిగే మెడ ఇరుసు గీతను సూటిగా నేల దాకా పొడిగిస్తే తాకే చోటుకూ టైరు నేలను తాకే చోటుకూ మధ్య దూరాన్ని ట్రెయిల్ అంటారు. బండి తిన్నగా పోవాలన్నా, చెప్పినట్టు తిరగాలన్నా ఆ దూరమే కీలకం. ఫోర్కు వాలు 26 డిగ్రీలు, 19 అంగుళాల ముందు చక్రం, మెడ ఇరుసుకు ఫోర్కు గొట్టాలు 50 మిల్లీమీటర్లు ముందుకు ఉన్నాయనుకుందాం. ట్రెయిల్ సుమారు 105 మిల్లీమీటర్లు వస్తుంది. మిగతావన్నీ అలాగే ఉంచి చక్రాన్ని మాత్రం 17 అంగుళాలకు మారిస్తే అది 91కి పడిపోతుంది. చక్రం చిన్నది కావడంతో బండి ముందు భాగం కిందికి దిగి వాలు కూడా కాస్త తగ్గుతుంది, ట్రెయిల్ ఇంకా పడిపోతుంది. హ్యాండిల్ చేతిలో నిలవదు. కొత్త రేసు బండి ఫోర్కులను, వాటిని మెడకు పట్టి ఉంచే దాని సొంత యోక్‌లతో సహా తెస్తే అక్కడ ఆ 50 మిల్లీమీటర్లు 30 కావచ్చు. అప్పుడు ట్రెయిల్ 113కు చేరి బండి మొండికేస్తుంది. అందుకే తెలిసినవాడు ఖరీదైన ఫోర్కు కొని ఊరుకోడు. తన ఫ్రేమ్‌కు కావలసిన కొలతతో యోక్‌లను అల్యూమినియం దిమ్మలోంచి మిషన్ మీద చెక్కిస్తాడు.

గట్టిదనం సంగతీ అంతే. నాటి నార్టన్ ఫోర్కు గొట్టం వ్యాసం సుమారు 33 మిల్లీమీటర్లు, నేటి తలకిందుల ఫోర్కులో 43 సర్వసాధారణం. గొట్టం వ్యాసం కొంచెం పెరిగినా వంగని గుణం బాగా పెరుగుతుంది. రెండు డిస్కుల బ్రేకు గట్టిగా పడితే ఆ బలాన్ని ఇప్పుడు ఫోర్కు మింగదు, నేరుగా ఫ్రేమ్ మెడకు చేరవేస్తుంది. వెడల్పు టైరు పట్టు స్వింగ్ ఆర్మ్‌ను మెలిపెడుతుంది. కాబట్టి మెడ దగ్గర అదనపు ఉక్కు రేకులు అతకడం, స్వింగ్ ఆర్మ్‌కు కింది నుంచి ఆసరా కట్టడం తప్పదు. వెనక టైరు వెడల్పు కావడంతో చైను బయటికి జరగాలి, దానికి గేర్‌బాక్సు స్ప్రాకెట్‌నూ జరపాలి. 1950ల నాటి అట్ట ముక్క, హాక్సా స్థానంలో కంప్యూటర్ గీతలు, సీఎన్‌సీ మిషన్లు వచ్చాయి. వేర్వేరు బండ్ల భాగాలను ఎలా పొసగించాలని తల బద్దలుకొట్టుకునే ప్రశ్న మాత్రం మారలేదు.

ఈ పనికి విమర్శకులు ఎప్పుడూ ఉన్నారు. ఒక్క ట్రైటన్ కోసం మంచి బండ్లు రెండు చెడ్డాయన్నది పాత ఆరోపణ. అందులో నిజముంది. ఎన్నో డామినేటర్లు అలాగే మాయమయ్యాయి. నేడు ఇంజిన్ నంబరు, ఫ్రేమ్ నంబరు ఫ్యాక్టరీ లెక్కతో సరిపోయే బండికే విలువ ఎక్కువ కాబట్టి అరుదైన అసలు బండిని కోసి అతకడం తప్పే. అయితే విడిభాగాలుగా చెల్లాచెదురైన ఇంజిన్‌కు, కొత్తగా తయారైన ఫెదర్‌బెడ్ నమూనా ఫ్రేమ్‌కు ఆ అభ్యంతరం వర్తించదు. మంచి పనివాడు తీసేసిన అసలు భాగాలను పారేయకుండా గుర్తులు కట్టి దాచిపెడతాడు.

భారతదేశంలో ఈ చరిత్రతో ముడిపడిన పేర్లు రెండు. మొదటిది ఆర్‌డీ350. యమహా రూపొందించిన ఈ 347 సీసీ రెండు సిలిండర్ల టూ-స్ట్రోక్ బండిని 1983 నుంచి ఎస్కార్ట్స్ కంపెనీ రాజ్‌దూత్ పేరుతో ఇక్కడ తయారు చేసింది. విదేశాల్లో దానికి ముందు డిస్క్ బ్రేకు ఉంటే ఇక్కడ డ్రమ్ము బ్రేకు పెట్టారు. పరుగుకు తగిన బ్రేకు లేదు. అందుకే దాన్ని ప్రేమించి నిలబెట్టుకున్నవారు, తెలుగు నగరాల్లోనివారితో సహా, బాగుచేయించేటప్పుడు డిస్క్ బ్రేకు గురించే ముందుగా ఆలోచిస్తారు. రెండోది రాయల్ ఎన్‌ఫీల్డ్. బ్రిటన్‌లో అది 1960ల నడుమ కాంటినెంటల్ జీటీ పేరుతో 250 సీసీ కెఫే రేసర్‌ను ఫ్యాక్టరీ నుంచే అమ్మింది. 1955లో మద్రాసులో వేళ్లూనుకున్న భారతీయ కంపెనీ 2013లో ఆ పేరును 535 సీసీ బండికి మళ్లీ పెట్టింది. దాని ఫ్రేమ్ పని చేసింది హారిస్ పెర్ఫార్మెన్స్. 2015లో రాయల్ ఎన్‌ఫీల్డ్ హారిస్ సంస్థనే కొనేసింది. 2018లో అమ్మకానికి వచ్చిన 648 సీసీ కాంటినెంటల్ జీటీ ఫ్రేమ్‌లోనూ హారిస్ చేయి ఉంది.

ఇక్కడ ఇలాంటి పనికి పూనుకునేవారు చట్టాన్ని ముందుగా తెలుసుకోవాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు పేర్కొన్నవాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ నిబంధనను గట్టిగా నిలబెట్టింది. ఒక కంపెనీ ఫ్రేమ్‌లో మరో కంపెనీ ఇంజిన్ పెట్టిన బండి, అది ఎంత చక్కగా కట్టినదైనా, మన రోడ్ల మీద తిరగడానికి వీల్లేదు. దాని చోటు రేసు ట్రాకు.